బాత్రూమ్ గోడకు చెమ్మ పడితే అడ్వాన్సులో కోత ఎవరికి?

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసే రోజున జరిగే లెక్కల్లో బాత్రూమ్‌కు ఉన్నంత ప్రాధాన్యం మరే గదికీ ఉండదు. హాలు గోడ మీది మేకు గుర్తులను, వంటగది గట్టు మీది నూనె జిడ్డును చూసీచూడనట్టు వదిలేసే యజమానులు సైతం బాత్రూమ్ తలుపు తీయగానే ఆగిపోతారు. సీలింగ్ మూలల్లో నల్లటి బూజు చుక్కలు, గీజర్ పైభాగంలో పొక్కులు లేచిన పెయింటు, అడుగున ఉబ్బి పొరలు విడిపోయిన తలుపు, తుప్పు పట్టిన గొళ్లెం, వీటన్నిటికీ కలిపి ఒక మొత్తం చెప్పి అడ్వాన్సులోంచి పట్టుకోవడం నగరంలో మామూలైపోయింది. మేం దిగినప్పటికే చెమ్మ ఉందని అద్దెదారు, కిటికీ తెరవకపోవడం వల్లే వచ్చిందని యజమాని వాదిస్తారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉండవచ్చు. కానీ ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో తేలకుండా డబ్బు ఎవరు పెట్టుకోవాలో తేల్చడం సాధ్యం కాదు. చాలా ఇళ్లలో మొదటి ప్రశ్న అడగకుండానే రెండోదానికి జవాబు చెప్పేస్తారు, తగాదా అక్కడే మొదలవుతుంది.

బాత్రూమ్ చెమ్మ ప్రధానంగా రెండు విధాలు. వేడినీళ్ల ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరుగా మారి నిలవడం ఒకటి. పైపు, ట్యాంకు, పై అంతస్తు బాత్రూమ్ లేదా టైల్స్ సందుల నుంచి నీరు గోడలోకి, స్లాబులోకి దిగడం మరొకటి. మొదటిది గోడ ఉపరితలం మీద పుడుతుంది, రెండోది గోడ లోపలి నుంచి బయటికి వస్తుంది. చివరికి రెండూ బూజుగా, రాలే పెయింటుగా కనిపిస్తాయి కాబట్టి ఒకదాన్ని మరొకటిగా పొరబడడం తేలిక.

ఆవిరి సంగతి ముందు చూడవచ్చు. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. ఒక ఘనపు మీటరు గాలి 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 23 గ్రాముల ఆవిరిని పట్టుకుంటే, 15 డిగ్రీల వద్ద 13 గ్రాములకే నిండిపోతుంది. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు ఉన్న బాత్రూమ్‌లో దాదాపు 10 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గీజర్ నీళ్లతో స్నానం పూర్తయ్యేసరికి ఆ గాలి 28 డిగ్రీల దగ్గర ఆవిరితో నిండిపోయిందనుకుంటే అందులో 270 గ్రాములకు పైగా నీరుంటుంది. బయటి గోడ 18 డిగ్రీల దగ్గర ఉంటే, ఆ గాలి చల్లబడేకొద్దీ 100 గ్రాములకు పైగా, అంటే ఒక టీ కప్పు నీరు, గోడల మీద, సీలింగ్ మీద పేరుకుంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో నగరంలో తెల్లవారుజాము ఉష్ణోగ్రత 15 డిగ్రీల లోపుకు దిగడం సాధారణమే కాబట్టి ఇది ఊహాజనితమైన లెక్క కాదు. నలుగురున్న ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసి, తలుపు మూసి ఆఫీసులకు, కాలేజీలకు వెళ్లిపోతే ఆ నీరు సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది.

టైల్స్‌కు దీనివల్ల నష్టం లేదు. మన ఇళ్లలో చాలావరకు టైల్స్ 7 అడుగుల ఎత్తు దగ్గర ఆగిపోతాయి, ఆ పైన సీలింగ్ దాకా ఉండేది లప్పం, దాని మీద పెయింటు. ఖర్చు తగ్గించుకోవడానికి అక్కడ హాలుకు వేసిన డిస్టెంపరే వేసి ఉంటే అది ఆవిరిని తట్టుకోలేదు. రెండు చలికాలాలు గడిచేసరికి పొట్టు రాలినట్టు రాలుతుంది. తేమను తట్టుకునే పెయింటు ఎంచుకోవడం యజమాని పని, తేమను బయటికి పంపడం అద్దెదారు పని. ఈ రెండింటిలో ఏది లోపించినా ఫలితం ఒకేలా కనిపిస్తుంది, అందుకే ఒక్కరినే వేలెత్తి చూపడం కష్టం.

వానాకాలం కథ వేరు. జులై నుంచి సెప్టెంబరు వరకు బయటి గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి తడిసిన గోడ ఆరడానికే చాలా సమయం పడుతుంది. ఈ మూడు నెలల్లో కనిపించిన బూజునంతా ఆవిరి ఖాతాలో వేయడం తొందరపాటు, ఎందుకంటే బయటి గోడ పగుళ్ల నుంచి, టెర్రస్ నుంచి నీరు దిగేది కూడా అప్పుడే.

గోడను చూసి గుర్తుపట్టడం

ఆవిరి చెమ్మ గది పైభాగాన్ని, మూలలను, బయటివైపు గోడను ముందు పట్టుకుంటుంది. నల్లటి చిన్న చుక్కలు విడివిడిగా మొదలై మచ్చలా కలిసిపోతాయి. తుడిస్తే చాలావరకు పోతాయి. బాత్రూమ్ పది రోజులు వాడకుండా ఉంచితే గోడ పొడిబారుతుంది. లీకేజీ చెమ్మ అలా ఉండదు. పై ఫ్లాట్ నుంచి దిగే నీరు సీలింగ్ మధ్యలోనో, పైపు దిగే చోటనో మట్టిరంగు అంచున్న వలయాలుగా కనిపిస్తుంది, మన వాడకంతో సంబంధం లేకుండా పెరుగుతుంది. గోడ లోపలి పైపు కారుతుంటే ప్లాస్టరింగ్ గుల్లబారి, వేలితో తడితే బోలు శబ్దం వస్తుంది, తెల్లటి ఉప్పు పొంగి పొడిలా రాలుతుంది. అన్నిటికంటే నమ్మదగిన ఆనవాలు బాత్రూమ్ లోపల కాకుండా దాన్ని ఆనుకుని ఉన్న పడకగది గోడ మీద దొరుకుతుంది. అక్కడ నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా పెయింటు ఉబ్బిందంటే, కారణం స్నానపు ఆవిరి కాదు. టైల్స్ సందుల నుంచో, నహానీ ట్రాప్ (నేల మీది నీరు పోయే జాలీ) చుట్టూనో, బాత్రూమ్ కింద పల్లంగా వేసే సంకెన్ స్లాబులోనో నీరు పారుతోందని అర్థం.

అప్పటికీ అనుమానం తీరకపోతే చౌకైన పరీక్ష ఒకటుంది. అనుమానమున్న చోట గోడను పొడి గుడ్డతో తుడిచి, అడుగున్నర చదరపు పారదర్శక ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అతికించి ఒక రోజు వదిలేయాలి. షీటుకు గదివైపు నీటి బిందువులు కనిపిస్తే గాలిలోని ఆవిరి కారణం, గోడవైపు కనిపిస్తే తేమ గోడలోంచే వస్తోంది. ఇది ప్లంబర్ నివేదికకు సమానం కాదు. అయినా ఇద్దరూ నిలబడి చూస్తుండగా చేసి, ఫొటో తీసుకుంటే సగం వాదన అక్కడికక్కడే ముగుస్తుంది.

చట్టం ఎంతవరకు మాట్లాడుతుంది

అద్దె సంబంధానికి మూలాధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులోని 108వ సెక్షన్ ఇద్దరి హక్కులను, బాధ్యతలను చెబుతుంది, అయితే ఒప్పందంలో గాని స్థానిక ఆచారంలో గాని వేరే విధంగా లేనప్పుడు మాత్రమే అని ముందే షరతు పెట్టింది. ఆస్తిలో ఉన్న ముఖ్యమైన లోపం యజమానికి తెలిసి, అద్దెదారు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపించనిదైతే, దాన్ని యజమాని ముందుగా చెప్పి తీరాలి. టులెట్ బోర్డు పెట్టే ముందు చెమ్మ గోడకు ఒక కోటింగ్ కొట్టించి మచ్చ కప్పేయడం నగరంలో అందరూ ఎరిగినదే. ఆ పెయింటు కింది లోపాన్ని దాచి, తర్వాత అదే మచ్చకు అద్దెదారు దగ్గర డబ్బు పట్టుకునే యజమాని వాదన ఈ నిబంధన ముందు నిలవడం కష్టం.

అద్దెదారు వైపు బాధ్యత కూడా అదే సెక్షన్‌లో స్పష్టంగానే ఉంది. ఇల్లు చేతికి వచ్చినప్పుడు ఎంత మంచి స్థితిలో ఉందో అదే స్థితిలో ఉంచాలి, అదే స్థితిలో తిరిగి ఇవ్వాలి. సహజమైన అరుగుదల, ఎవరూ ఆపలేని విపత్తు మాత్రమే మినహాయింపు. తగిన వేళల్లో యజమాని వచ్చి చూసుకునే వీలు కల్పించాలి. అద్దెదారు చేత గాని అతని మనుషుల చేత గాని కలిగిన లోపమైతే, నోటీసు అందిన మూడు నెలల్లోగా బాగు చేయించాలి. మామూలు వివేకం గల మనిషి తన సొంత ఆస్తిని వాడుకున్నట్టే వాడుకోవాలన్నది మరో నియమం. స్నానం చేయడం, వేడినీళ్లు వాడడం ఇంటిని దుర్వినియోగం చేయడం కిందికి రావు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండి కూడా ఏడాది పొడవునా వేయకపోవడం, బట్టలన్నీ బాత్రూమ్‌లోనే ఆరేసి తలుపు మూసేయడం ఆ కిందికి రావచ్చు.

చాలామంది గమనించని విషయం మరొకటి ఉంది. యజమాని చేయాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని 108వ సెక్షన్ చెబుతున్న మాట నిజమే. కానీ ఆ హక్కు యజమాని చేయడానికి కట్టుబడి ఉన్న మరమ్మతులకే వర్తిస్తుంది, అద్దెకిచ్చిన ప్రతి యజమానీ ప్రతి మరమ్మతూ చేయాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. అందువల్ల పైపులు, వాటర్‌ప్రూఫింగ్, స్లాబు పనులు యజమానివేనని ఒప్పందంలో ఒక్క వాక్యం రాసుకోకపోతే, అద్దెదారు తన డబ్బుతో ప్లంబర్‌ను పిలిచి నెలాఖరున కోసుకోవడం ప్రమాదకరమైన పని. అది అద్దె బకాయిగా మారి ఖాళీ చేయమనడానికి సాకు కావచ్చు. నగరంలో పదకొండు నెలల ఒప్పందాల్లో అధికభాగం ఎవరో ఎప్పుడో టైపు చేయించిన నమూనాకు నకళ్లే. అద్దె ఎన్నో తేదీన ఇవ్వాలో అందులో ఉంటుంది గాని గోడలోపలి పైపు పగిలితే ఎవరి పని అన్నది ఉండదు.

తెలంగాణలో అద్దె నియంత్రణకు 1960 నాటి చట్టం ఒకటి ఉన్న మాట నిజమే. అయితే 2005లో చేసిన సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన భవనాలు దాని పరిధిలోకి రావు. ఈనాటి హైదరాబాద్ అద్దెలతో పోల్చి చూస్తే ఆ రక్షణ ఎంతమందికి మిగిలిందో వేరే చెప్పనక్కరలేదు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం బాధ్యతల పంపకాన్ని పట్టిక రూపంలో ఇచ్చింది. నిర్మాణ సంబంధమైన మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, పైపులు మార్చడం, వైరింగ్ యజమానికి. కుళాయిలు, డ్రెయిన్ శుభ్రత, వాష్ బేసిన్, గీజర్ మరమ్మతు, స్విచ్చులు, కిటికీ అద్దాలు అద్దెదారుకు. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించకూడదని కూడా అందులో ఉంది. నమూనా చట్టం రాష్ట్రం తన శాసనంగా చేసుకుంటే తప్ప దానంతట అది అమలుకు రాదు. అయినప్పటికీ ఒప్పందం రాసుకునేటప్పుడు ఇద్దరికీ అరువు తెచ్చుకోదగిన పంపకం అది. అందులోనూ ఆవిరి చెమ్మ అనే మాట ప్రత్యేకంగా లేదు. పైపు కారితే యజమానిది, ట్యాపు కారితే అద్దెదారుది అని తేలుతుంది గాని, ఏదీ కారకుండానే గోడ పాడైతే ఎవరిదన్నది తేలదు.

ఇంగ్లండ్‌లో ఈ ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్లింది. గోడ నిర్మాణంలో మరమ్మతు చేయదగిన లోపం లేకుండా కేవలం ఆవిరి వల్ల చెమ్మ వస్తే అది యజమాని మరమ్మతు బాధ్యత కిందికి రాదని 1985లో అక్కడి అప్పీలు కోర్టు క్విక్ వర్సెస్ టాఫ్ ఎలీ కేసులో తేల్చింది. ఆ తీర్పు వదిలేసిన ఖాళీని పూరించడానికి, ఇల్లు మనుషులు నివసించడానికి యోగ్యంగా ఉండాలన్న 2018 చట్టం రావాల్సి వచ్చింది. 2020లో రోచ్‌డేల్ పట్టణంలో బూజు పట్టిన ఫ్లాటులో ఉంటున్న రెండేళ్ల బాలుడు మరణించిన తర్వాత, సామాజిక గృహాల్లో, అంటే స్థానిక ప్రభుత్వాలు, గృహ సంఘాలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లలో, బూజు ఫిర్యాదులకు గడువులు విధించే నిబంధనలు కూడా వచ్చాయి. అక్కడి చలి, మూసి ఉంచే కిటికీలు, ఇళ్ల తీరు వేరు కాబట్టి ఆ నియమాలను ఇక్కడికి యథాతథంగా తేలేం. అయితే మీ అలవాట్ల వల్లే బూజు వచ్చిందన్న జవాబుతో ఫిర్యాదును మూసేయడం ఎంత తేలికో, దాని ఖరీదు ఎంత కావచ్చో ఆ ఉదంతం చూపించింది.

వెంటిలేటర్ దగ్గర అసలు చిక్కు

గాలి పోయే దారి లేని బాత్రూమ్‌లో అద్దెదారును తప్పుపట్టడం న్యాయం కాదు. బాత్రూమ్‌కు కనీసం ఒక గోడ బయటి గాలికి తెరుచుకోవాలని, ఆ కిటికీ లేదా వెంటిలేటర్ 0.37 చదరపు మీటర్లకు, అంటే సుమారు 4 చదరపు అడుగులకు తగ్గకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, కూకట్‌పల్లి వంటి చోట్ల పాత అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ వెంటిలేటర్ తరచూ పైపులు దిగే ఇరుకైన నిలువు సందైన డక్ట్‌లోకి తెరుచుకుంటుంది. ఆ డక్ట్‌లో పావురాలు కాపురం పెడతాయి. రెట్ట, ఈకలు, వాసన భరించలేక ఒకరు లౌవర్ అద్దాల వెనక అట్టముక్క అడ్డం పెడతారు, మరొకరు ప్లాస్టిక్ షీటు కొడతారు, దోమల బాధకు ఇంకొకరు మొత్తంగా టేపు వేసేస్తారు. మరుసటి చలికాలానికి సీలింగ్ నల్లబడుతుంది.

ఈ అట్టముక్క పెట్టినవారే బాధ్యులని చెప్పడం సులభం. కానీ డక్ట్‌కు పావురాల వల కట్టించడం ఒక్క అద్దెదారు చేయగల పని కాదు. అది అపార్ట్‌మెంట్ సంఘం సొమ్ముతో, సభ్యుడైన యజమాని చొరవతో జరగాల్సింది. అద్దెదారు రాతపూర్వకంగా చెప్పినా వల రాకపోతే వెంటిలేటర్ మూసిన తప్పు చాలావరకు యజమాని వైపు జరుగుతుంది. ఎవరికీ చెప్పకుండా మూసేస్తే అద్దెదారు వైపు ఉంటుంది. వెంటిలేటర్ స్థానంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగిస్తే, అది నడిచే స్థితిలో ఇవ్వడం యజమాని బాధ్యత, స్నానం తర్వాత పావుగంట నుంచి అరగంట వరకు వేయడం అద్దెదారు బాధ్యత. కరెంటు బిల్లు భయం అర్థరహితం: 30 వాట్ల ఫ్యాను రోజుకు అరగంట తిరిగితే నెలకు అర యూనిట్ కూడా కాదు. తలుపు కింద వేలెడు సందు లేకపోతే మాత్రం ఎంత మంచి ఫ్యానైనా లోపలికి రాని గాలిని బయటికి తోయలేదు. పీవీసీ తలుపులు నేలకు ఆనేలా బిగించిన చోట ఇది తరచూ కనిపించే లోపం.

నగరంలో బోరు నీళ్ల మీద ఆధారపడిన ఇళ్లకు ఇంకో చిక్కుంది. గట్టి నీటి వల్ల టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది, దాన్ని వదిలించడానికి వారం వారం యాసిడ్ పోసి రుద్దుతారు. యాసిడ్ ఆ తెలుపుతో పాటు టైల్స్ మధ్య సిమెంటు గ్రౌటింగ్‌ను కూడా తినేస్తుంది, సందులు తెరుచుకుని నీరు స్లాబులోకి దిగుతుంది, ఏడాది తిరిగేసరికి కింది ఫ్లాటు సీలింగ్ మీద మచ్చ తేలుతుంది. చూడడానికి ఇది వాటర్‌ప్రూఫింగ్ లోపమే, కానీ మూలం వాడకంలో ఉంది. దీన్ని పూర్తిగా అద్దెదారు మీదికి నెట్టాలంటే దిగినప్పుడు గ్రౌటింగ్ బాగుందని చూపే ఫొటో యజమాని దగ్గర ఉండాలి. యాసిడ్‌ను బ్లీచింగ్‌తో కలిపితే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది కాబట్టి, బూజును తుడవడానికి ఆ రెండూ ఒకేసారి వాడకూడదన్నది ఇక్కడే చెప్పుకోవాలి.

లెక్క ఎలా కట్టాలి

కారణం అద్దెదారు వైపే ఉందని తేలినా, యజమాని అడిగిన మొత్తమంతా చెల్లించాలని కాదు. నష్టపరిహారం వాస్తవంగా కలిగిన నష్టానికి తగినట్టుండాలన్నది 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 73, 74 సెక్షన్ల సారాంశం. ఐదేళ్లు మన్నాల్సిన పెయింటు నాలుగేళ్ల కింద వేసినదైతే, దాని విలువలో అయిదో వంతే మిగిలి ఉంటుంది. మళ్లీ వేయడానికి 6,000 రూపాయలు అవుతుందనుకుంటే న్యాయంగా అడగగలిగింది 1,200. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం హైదరాబాద్‌లో ఆనవాయితీ. అది పట్టుకున్నాక బాత్రూమ్ సీలింగ్ రంగుకు విడిగా మళ్లీ అడగడం ఒకే పనికి రెండుసార్లు వసూలు చేయడమే, ఇది ఎంతో తరచుగా జరుగుతుంది, అంతే తరచుగా ఎవరూ ప్రశ్నించకుండా పోతుంది.

నష్టాన్ని తగ్గించే అవకాశం చేతిలో ఉండి ఊరుకోవడాన్ని కూడా 73వ సెక్షన్ లెక్కలోకి తీసుకుంటుంది. మొదటి మచ్చ కనిపించిన రోజున అద్దెదారు వాట్సాప్‌లో ఫొటో పంపితే, యజమాని చూసి ఊరుకుంటే, ఆ తర్వాత పెరిగిన నష్టం అద్దెదారు మీద వేయడానికి వీలుండదు. అద్దెదారు రెండేళ్లు ఎవరికీ చెప్పకుండా ఉండి చివరి రోజున లీకేజీ అని అంటే, అది నిజంగా లీకేజీ అయినా ఆలస్యం వల్ల పెరిగిన నష్టంలో వాటా తప్పదు. ఫోన్లో చెప్పానన్న మాటకు రుజువు ఉండదు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం తగిన ధ్రువీకరణతో సమర్పించిన ఎలక్ట్రానిక్ సందేశాలు సాక్ష్యంగా చెల్లుతాయి కాబట్టి తేదీతో ఉన్న సందేశం, ఫొటో చాలు. ఇంట్లో దిగిన రోజునే సీలింగ్, వెంటిలేటర్, తలుపు అడుగు భాగం, నహానీ ట్రాప్ చుట్టూ టైల్స్, పక్కగది గోడ ఫొటోలు తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోవడం పదిహేను నిమిషాల పని.

లీకేజీ పై ఫ్లాట్ నుంచి వస్తుంటే అద్దెదారు పైవారితో నేరుగా తలపడడంలో ప్రయోజనం తక్కువ, వారి మధ్య ఎలాంటి ఒప్పందమూ లేదు. ఆ సంభాషణ యజమాని, పై ఫ్లాటు యజమాని, సంఘం మధ్య సాగాలి. భవనం కొత్తదైతే యజమానికి ఇంకో దారి ఉంది: స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గాని పనితనంలో గాని లోపం బయటపడి తెలియజేస్తే, బిల్డరు దాన్ని 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఆ ఫిర్యాదు చేయగలిగేది కొనుగోలుదారే. అద్దెదారు ఫొటో పంపడం ఆలస్యమై ఆ ఐదేళ్లు దాటిపోతే నష్టపోయేది యజమానే కాబట్టి, చెమ్మ గురించి ఫిర్యాదు చేసే అద్దెదారును విసుక్కోవడం యజమానికే లాభసాటి కాదు.

అడ్వాన్సులో పది, పదిహేను వేల తేడా కోసం సివిల్ దావా వేస్తే వకీలు ఫీజుకే అంతకంటే ఎక్కువవుతుంది. దానికి బదులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటే, దావా వేయకముందే ఇద్దరినీ పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నిస్తారు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. రాజీకి ఒప్పుకోనివారిని మాత్రం లోక్ అదాలత్ బలవంతపెట్టలేదు. అప్పుడు మిగిలేది సివిల్ కోర్టే.